మే 12న కేకు సరే, మిగతా రోజుల సంగతేంటి? (డాక్టర్లు, నర్సులు ఇద్దరూ రాయండి)

సగం_నిద్ర_పీజీ · మే 5, రాత్రి 11:52

నేను హైదరాబాద్‌లో ఒక టీచింగ్ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్న డాక్టర్‌ని. నర్సుల దినోత్సవం దగ్గర పడుతోంది కదా, డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చందాలు మొదలయ్యాయి. కేకు, గులాబీలు, హెడ్ నర్సుకి శాలువా, మెట్ల మీద నిలబడి ఒక గ్రూప్ ఫొటో. ఏటా ఇదే తంతు. ఈసారి ఏం చేస్తే బాగుంటుందని మా వార్డు సీనియర్ సిస్టర్‌నే అడిగాను. మందుల ట్రాలీ సర్దుకుంటూ, "ఏమీ వద్దు డాక్టర్. రాత్రిపూట ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడండి, అదే పదివేలు" అన్నారు.

ఆ మాట గ్రూపులో పెడితే ఒక్కరూ పలకలేదు. బొటనవేళ్లు మాత్రం రెండు వచ్చాయి. అందుకే ఇక్కడ అడుగుతున్నా. డాక్టర్లు మిమ్మల్ని గౌరవిస్తున్నారని మీకు ఎప్పుడు అనిపిస్తుంది? ఎప్పుడు అనిపించదు? డ్యూటీలో జరిగేవి చెప్పండి. డాక్టర్లూ రాయండి. ఆసుపత్రుల పేర్లు, మనుషుల పేర్లు మాత్రం వద్దు.

కేకు_బ్యాచ్ · మే 6, ఉదయం 7:10

శాలువా ఆపండి, కేకు మాత్రం ఆపకండి సార్. గౌరవం వచ్చేలోపు అదైనా తింటాం. పైనాపిల్ వద్దు, ప్రతిసారీ అదే తెస్తారు.

స్టాఫ్‌రూమ్_చాయ్ · మే 6, ఉదయం 9:35

నైట్ దిగి హాస్టల్‌కి వచ్చి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. కార్పొరేట్ ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుని.

రౌండ్స్ సంగతి చెప్తాను. కన్సల్టెంట్ వస్తారు, వెనకాల పెద్ద గుంపు. "యూరిన్ అవుట్‌పుట్ ఎంత?" అని పీజీని అడుగుతారు. పీజీ నా వైపు తిరుగుతారు. నేను పీజీకి చెప్తాను, పీజీ కన్సల్టెంట్‌కి చెప్తారు. నేనేమో మంచానికి అటువైపే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాను. రాత్రంతా ఆ యూరో బ్యాగ్ దగ్గర కూర్చుని గంట గంటకీ రాసింది నేనే. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

మా దగ్గరే ఒక కిడ్నీ డాక్టర్ ఉన్నారు. మంచం దగ్గరికి రాగానే కేస్ షీట్ తియ్యరు. ముందు నన్నే అడుగుతారు, "రాత్రి ఎలా గడిచింది, మీకేమైనా తేడా కనిపించిందా?" అని. నేను చెప్పింది విన్నాకే కాగితాలు తెరుస్తారు. ఆయన పెద్ద తియ్యగా మాట్లాడే మనిషేమీ కాదు. చార్టులో ఒక గడి ఖాళీగా ఉంటే ఊరుకోరు. అయినా ఆయన రౌండ్స్ ఉన్న రోజు స్టాఫ్ ఎవరూ భయపడరు, ఏదీ దాచరు. మెచ్చుకోలు కంటే నాకు ఇదే ఎక్కువ.

ఇంకోటి, సూదులు. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి గొట్టం) వేసో, ప్లూరల్ ట్యాప్ (ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తియ్యడం) చేసో డాక్టర్ గ్లౌజులు తీసి వెళ్లిపోతారు. వాడిన సూదులు డ్రేప్ (పేషెంట్ మీద కప్పే శుభ్రమైన గుడ్డ) మడతలో ఉంటాయి. సర్దేది మేము, మా తర్వాత ఆయాలు. గుచ్చుకుంటే ఎవరికి? ఎవరు వాడిన సూది వాళ్లే తెల్ల డబ్బాలో వేసి వెళ్లాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే. తను వాడిన సూది తనే తీసేసే డాక్టర్ "థ్యాంక్యూ సిస్టర్" అనకపోయినా నాకు పరవాలేదు.

అరవడం గురించి వేరేగా రాయక్కర్లేదు. అటెండర్ల (పేషెంట్ వెంట ఉండే ఇంటివాళ్ల) ముందు అరిస్తే మాత్రం ఆ పేషెంట్ డిశ్చార్జ్ అయ్యేదాకా మా మాట ఎవరూ వినరు.

రిటైర్డ్_హెడ్‌నర్స్ · మే 6, మధ్యాహ్నం 12:20

చాయ్ తల్లీ, బాగా రాశావు. నేను ప్రభుత్వ సర్వీసులో చేసి రిటైరై పద్మారావునగర్‌లో ఉంటున్నాను. మా రోజుల్లో డాక్టర్ వార్డులోకి రాగానే లేచి నిలబడాలి, కుర్చీ ఇవ్వాలి. అదే గౌరవమనుకునేవాళ్లం, అంటే మేము ఇచ్చేది. మాకొచ్చేది ఏమిటని అడగాలన్న ఆలోచన కూడా లేదు.

అయితే అప్పుడూ మంచివాళ్లు ఉన్నారు. ఒక సర్జరీ చీఫ్ ఉండేవారు. కొత్త హౌస్ సర్జన్ల బ్యాచ్ వచ్చిన రోజు వాళ్లందరినీ నా ముందు నిలబెట్టి, "ఈ ఏడాది మీకు నరం పట్టుకోవడం నేర్పేది నేను కాదు, ఈవిడ" అనేవారు. అంతే. ఇక ఏడాదంతా ఆ పిల్లలు నన్ను అడిగే పని చేసేవారు. కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) వెయ్యడానికి నరం దొరక్కపోతే అర్ధరాత్రి నా దగ్గరికే పరుగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు వాళ్లలో కొందరు పెద్ద పెద్ద ఆసుపత్రులు నడుపుతున్నారు. కనపడితే ఇప్పటికీ ఆగి పలకరిస్తారు.

నైటింగేల్ గారి పేరు చెప్పి కేకు కోస్తారు గదా, ఆవిడకు జరిగింది చెప్పండి పిల్లలకి. 1854 నవంబరులో 38 మంది నర్సులను వెంటబెట్టుకుని, క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికులుండే టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి చేరితే, అక్కడి మిలిటరీ డాక్టర్లు మొదట వాళ్లను దగ్గరికే రానివ్వలేదు. ఆవిడ తన నర్సులతో, డాక్టర్లు పిలిచేదాకా వార్డులో చెయ్యి పెట్టొద్దంది. గాయపడ్డవాళ్లు వందల్లో వచ్చి పడేసరికి వాళ్లే పిలిచారు. అవసరం పడితే గానీ గుర్తు రాకపోవడం అప్పటి నుంచీ ఉన్నదే.

మనవాళ్లలోనూ లోపం ఉంది, చెప్పకుండా ఉండలేను. ప్రొఫెసర్ పీజీని తిడతాడు, పీజీ సిస్టర్ మీద పడతాడు, సిస్టర్ వెళ్లి ఆయాను కసురుతుంది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అన్ని మెట్లలోనూ ఉంది. ఆయాను "ఏయ్" అని పిలిచే సిస్టర్, డాక్టర్ తనను "ఏయ్" అన్నాడని ఏడిస్తే నాకు జాలి సగమే కలిగేది.

ఓల్డ్‌సిటీ_సర్జన్ · మే 6, సాయంత్రం 6:48

ఒక మాట చెప్తాను, మీద పడకండి. గౌరవం ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఈ థ్రెడ్ చదువుతుంటే డాక్టర్లందరూ నిద్రపోతూ నర్సుల మీద అరిచే జమీందార్లలా ఉన్నారు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం థియేటర్, సాయంత్రం క్లినిక్, రాత్రి ఎమర్జెన్సీ. రెండింటికి ఫోన్ మోగుతుంది. "సార్, 12వ బెడ్ పేషెంట్‌కి నిద్ర పట్టట్లేదంట." మూడింటికి మళ్లీ, "సార్, డ్రెస్సింగ్ కొంచెం తడిసింది." ఎంత తడిసింది, ఎర్రగా ఉందా, పసుప్పచ్చగా ఉందా అంటే "చూసి చెప్తా సార్" అంటారు. చూడకుండా ఫోన్ ఎందుకు చేసినట్టు? ఆ పూట విసుగు వస్తే అది నర్సుల మీద చిన్నచూపు కాదు, నిద్ర లేకపోవడం.

అరవడాన్ని సమర్థించడం లేదు. పని బాగా తెలిసిన సిస్టర్లను థియేటర్లో మేం నెత్తిన పెట్టుకుంటాం, అది కూడా రాయండి.

స్టాఫ్‌రూమ్_చాయ్ · మే 6, రాత్రి 7:15

సార్, ఆ "నిద్ర పట్టట్లేదంట" ఫోన్ వెనకాల అటెండర్ ఉంటాడు. నర్సింగ్ స్టేషన్ మీద రెండు చేతులూ ఆనించి, "డాక్టర్‌కి ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా" అని నిలబడి ఉంటాడు. ముందే కేస్ షీట్లో "నిద్ర పట్టకపోతే ఫలానాది ఇవ్వండి" అని ఒక లైను రాసి వెళ్తే ఆ ఫోనే ఉండదు. డ్రెస్సింగ్ సంగతి మాత్రం మీరన్నది కరెక్టే. చూడకుండా చెయ్యకూడదు.

మత్తు_డాక్టర్ · మే 6, రాత్రి 10:05

అనస్థీషియా వాడిని. మా పని ప్రతిరోజూ నర్సు పక్కనే నిలబడి జరుగుతుంది కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

గౌరవం అంటే మంచి మర్యాద అనుకుంటున్నారు చాలామంది. నాకు అది పేషెంట్ ప్రాణానికి సంబంధించిన విషయం. 1966లో అమెరికాలో హోఫ్లింగ్ అనే డాక్టర్ ఒక ప్రయోగం చేశాడు. ముక్కూమొహం తెలియని వ్యక్తి వార్డుకి ఫోన్ చేసి తాను డాక్టర్‌నని చెప్పి, ఒక మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. డబ్బా మీద గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములని స్పష్టంగా రాసి ఉంది. అది ఉత్తుత్తి మందు, ఆ సంగతి నర్సులకు తెలియదు. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయల్దేరారు, ప్రయోగం చేసేవాళ్లే వాళ్లను ఆపేశారు. వాళ్లు చదువు రానివాళ్లు కాదు. డాక్టర్‌ని "ఇదేమిటి?" అని అడగకూడదని నేర్చుకున్నవాళ్లు, అంతే.

తర్వాతి సంవత్సరమే, 1967లో, లియొనార్డ్ స్టీన్ అనే సైకియాట్రిస్టు ఇంకో సంగతి రాశాడు. నర్సుకు విషయం తెలుసు, సలహా ఇవ్వాలి, కానీ ఇచ్చినట్టు కనిపించకూడదు. డాక్టర్‌కి సలహా కావాలి, కానీ అడిగినట్టు కనిపించకూడదు. ఇద్దరూ ఈ ఆట ఆడుతుంటారని. మన వార్డుల్లో ఈ ఆట రోజూ చూస్తాను. "సార్, ఒకసారి ఈసీజీ తీయమంటారా?" అని సిస్టర్ అడిగితే దాని అర్థం "ఇది గుండెపోటులా ఉంది, లేవండి" అని. "ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంటే పరిస్థితి చెయ్యి దాటిపోతోందని. ఆ గుప్తభాష తెలిసిన పీజీ గట్టెక్కుతాడు. తెలియనివాడు "పొద్దున చూద్దాం లే" అంటాడు.

దీనికి విరుగుడు కూడా చేసి చూపించినవాళ్లు ఉన్నారు. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ఐసీయూలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టర్ సెంట్రల్ లైన్ వేసేటప్పుడు డాక్టర్ చెయ్యాల్సిన ఐదు పనులు రాసి, చీటీ నర్సు చేతికి ఇచ్చాడు. చేతులు కడుక్కోలేదా, ఒళ్లంతా డ్రేప్ కప్పలేదా, నర్సు ఆపేయొచ్చు. యాజమాన్యం ఆవిడ వెనక నిలబడుతుంది. తర్వాత మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఇలాంటి చీటీనే మరికొన్ని జాగ్రత్తలతో కలిపి అమలు చేస్తే లైన్ ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయని 2006లో ప్రచురించారు. సబ్బు, చర్మం మీద క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ అంతకుముందూ ఉన్నాయి. "ఆగండి డాక్టర్" అనే హక్కు కొత్తగా వచ్చింది.

థియేటర్లో 2008 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టు ఉంది, 19 అంశాలు. కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పాలి. మనవాళ్లు టిక్కు పెట్టేస్తారు గానీ పేరు చెప్పుకోవడం దగ్గర సిగ్గుపడతారు. నేను పట్టుబట్టి చెప్పిస్తాను. పేరు చెప్పి ఒకసారి నోరు తెరిచిన మనిషి, ఆపరేషన్‌లో రక్తం అద్దే స్పాంజిల లెక్క తేలనప్పుడు రెండోసారి నోరు తెరవడానికి అంతగా జంకదు. ఇది నా కళ్లతో చూసిందే.

కేకు_బ్యాచ్ · మే 6, రాత్రి 10:31

మత్తు సార్, మా థియేటర్లో ఒక సర్జన్ గారికి నా పేరు ఇప్పటికీ "సిజర్స్".

సగం_నిద్ర_పీజీ · మే 6, రాత్రి 11:40

"ఒక్కసారి వచ్చి చూస్తారా" గురించి చదివి నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. మాకు ఫిజియాలజీ నుంచి ఫోరెన్సిక్ దాకా అన్నీ చెప్పారు గానీ, ఇంటర్న్‌షిప్‌లో వేసే ప్రతి అడుగూ ఎవరి మీద ఆధారపడి ఉంటుందో ఒక్క క్లాసు కూడా చెప్పలేదు.

లెక్క_చెప్పండి · మే 7, ఉదయం 8:22

చర్చ బాగుంది గానీ ఎవరూ డబ్బు మాట ఎత్తట్లేదు. మాటల్లో గౌరవం, జీతంలో గుండుసున్నా అయితే లాభం ఏంటి?

2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద కేంద్రాన్ని కమిటీ వెయ్యమంది. ఆ కమిటీ చెప్పింది ఇది: 200 పడకలు దాటిన ఆసుపత్రిలో నర్సు జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలి. 100 నుంచి 200 మధ్య అయితే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్నా నెలకు 20 వేలకు తక్కువ ఇవ్వకూడదు. ఇది సిఫార్సు. అమలు రాష్ట్రాల చేతిలో. అమీర్‌పేట్ హాస్టళ్లలో ఒక గదిలో నలుగురు సర్దుకుంటున్న అమ్మాయిలను అడగండి, చేతికి ఎంతొస్తోందో. అందుకే 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు నియామక పత్రాలు ఇచ్చిన రోజు అంత సంబరం.

రెండోది, మంది. టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. నైట్ డ్యూటీలో మీ వార్డులో ఎంతమందికి ఒకరో మీరే చెప్పుకోండి, నేను చెప్పను. 2002లో అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల లెక్కలు తీసింది. ఒక్కో నర్సు మీద ఒక్కో పేషెంట్ పెరిగిన కొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. డాక్టర్ గారు ఎంత బాగా కోసినా సరే.

కాబట్టి డాక్టర్లు నిజంగా గౌరవించదలిస్తే మేనేజ్‌మెంట్ మీటింగులో నోరు తెరవండి. "నాకు కొత్త మెషిన్ కావాలి" అని అడిగేటప్పుడు "ఈ ఐసీయూకి ఇంకో ఇద్దరు స్టాఫ్ కావాలి" అని కూడా అడగండి. మీరు అడిగితే వింటారు, వాళ్లు అడిగితే వినరు.

ఓల్డ్‌సిటీ_సర్జన్ · మే 7, ఉదయం 9:02

ఈ చివరి పాయింటు న్యాయంగా ఉంది. మేం అడగం, నిజమే. అడగాలన్నది తట్టదు కూడా.

అల్లుడి_హోదా · మే 7, మధ్యాహ్నం 3:15

నేను వైద్య రంగం వాడిని కాదు, బ్యాంకు ఉద్యోగిని. మా మామగారిని ఆ మధ్య ఆసుపత్రిలో పెట్టినప్పుడు పక్కన ఉన్నాను. బయటివాడి మాట ఒకటి రాస్తాను.

అటెండర్లకు ఎవరితో ఎలా మాట్లాడాలో ఎవరు నేర్పుతారో తెలుసా? డాక్టరే. పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ గారు సిస్టర్‌ని "మీరు ఏమంటారు సిస్టర్?" అని అడిగిన మంచం దగ్గర, ఆ రోజంతా కుటుంబ సభ్యులు ఆవిడ మాట విన్నారు. పక్క మంచం దగ్గర ఇంకో డాక్టర్, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని గట్టిగా అన్నాడు. సాయంత్రానికల్లా ఆ పేషెంట్ కొడుకు అదే సిస్టర్‌ని అదే మాట, అదే గొంతుతో అన్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు వాడికి.

డిశ్చార్జ్ రోజు మేమూ అందరిలాగే చేశాం. డాక్టర్ గారికి పుల్లారెడ్డి స్వీట్ బాక్స్, సిస్టర్లకు నోటితో థ్యాంక్స్. మామగారే ఆపి, "మూడింటికి నాకు చెమటలు పడుతున్నాయని చూసి షుగర్ పడిపోయిందని పట్టుకున్నది ఎవరు?" అన్నారు. మళ్లీ కిందికి వెళ్లి ఇంకో బాక్స్ తెచ్చాం. డాక్టర్ గారు డిశ్చార్జ్ సమ్మరీ చదివి వినిపించేటప్పుడు "రాత్రి మా నర్సు పట్టుకుంది" అని ఒక్క మాట అని ఉంటే ఆ బాక్స్ ముందే వచ్చేది. మాకు తెలియదు కదండీ లోపల ఎవరు ఏం చేశారో.

బ్రదర్_సూర్యాపేట · మే 7, రాత్రి 9:50

అన్నలు, అక్కలు అందరికీ నమస్తే. నేను మేల్ నర్స్‌ను, ఐసీయూల చేస్త. అల్లుడు గారు చెప్పింది వంద శాతం కరెక్ట్. నాది ఇంకో తీరు కథ. నేను నడిచొస్తుంటే పేషెంట్ తరఫోళ్లు లేచి నిలబడి "సార్, సార్" అంటరు. నా పక్కన, నాకే పని నేర్పిన సీనియర్ సిస్టర్ ఉంటది. ఆమెను "ఓ అమ్మా, జర నీళ్లు ఇప్పియ్యి" అంటరు. డాక్టర్లు సుత అంతే. కొత్తగ వచ్చిన ఇంటర్న్ నాతోని "మీరు", ఆమెతోని "నువ్వు". నేను రెండు మూడు సార్లు ఆ పిల్లగాన్ని పక్కకు తీస్కపోయి చెప్పిన, తమ్మీ, ఆమె నాకే సీనియర్ అని. అప్పటిసంది మారిండు.

సర్జన్ సార్ ఫోన్ గురించి అన్నరు గదా, అది సుత నిజమే. మావోళ్లకు ఫోన్ల చెప్పుడు ఎవ్వరూ నేర్పలే. భయంతోని సగం చెప్తరు. అమెరికా అణు సబ్‌మెరైన్లల్ల పుట్టిన పద్ధతి ఒకటి ఉంది, ఎస్‌బార్ అంటరు. ఆడికెల్లి ఆసుపత్రులకు వచ్చింది. ముందు ఇప్పుడేమైందో, తర్వాత పేషెంట్ ఎనకటి సంగతి, ఆ తర్వాత నా అంచనా ఏందో, ఆఖరుకు నాకు ఏం కావాల్నో. మేము తెలుగులనే ఇట్ల చెప్తం:

"సార్, ఐసీయూ 4వ బెడ్ కాడికెల్లి బ్రదర్‌ను. పేషెంట్ బీపీ 90/60కి పడ్డది, పల్స్ 128, ఊపిరి నిమిషానికి 30. మొన్న పేగు ఆపరేషన్ అయిన పెద్దమనిషి. నాలుగు గంటల్ల యూరిన్ 40 ఎంఎల్ వచ్చింది, కడుపు గట్టిపడ్డది. లోపల కుట్టు లీకైందేమో అని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలె. వచ్చేదాంక ఏం స్టార్ట్ చెయ్యమంటరు?"

అర నిమిషం పట్టది. సార్ చెప్పిన ఆర్డర్ రాసుకోని, రాసింది మళ్ల సదివి వినిపిస్త. పొద్దుగాల సంతకం తీస్కుంట.

ఓల్డ్‌సిటీ_సర్జన్ · మే 7, రాత్రి 10:12

బ్రదర్, ఇలాంటి ఫోన్ వస్తే నేను చెప్పులు వేసుకుంటూనే కారు దగ్గరికి వెళ్తాను. విసుగన్న మాటే ఉండదు. కానీ నిజం చెప్పండి, "నా అనుమానం" అని ఎంతమంది అంటారు? నా దగ్గర ఎవరూ అనరు. అంకెలు చెప్పి ఆగిపోతారు.

స్టాఫ్‌రూమ్_చాయ్ · మే 7, రాత్రి 10:30

ఎందుకు అనరో నేను చెప్తాను సార్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎప్పుడో ఒకసారి అని ఉంటారు. "నువ్వు డాక్టర్‌వా?" అని జవాబు వచ్చి ఉంటుంది. హైదరాబాద్‌లో ఏ నర్సును అడిగినా ఈ మాట విన్నానంటుంది. ఒక్కసారి వింటే చాలు, ఆ తర్వాత సర్వీసంతా అంకెలే చెప్తాం. "బీపీ ఇంత, పల్స్ ఇంత, చెప్పాను, రాసుకున్నాను, టైమ్ వేసుకున్నాను." మమ్మల్ని మేం కాపాడుకోవడానికి రాసే రాతలు అవి, పేషెంట్ కోసం కాదు.

మత్తు_డాక్టర్ · మే 7, రాత్రి 10:44

హోఫ్లింగ్ ప్రయోగం మొత్తం ఈ మాటలో ఉంది. "నువ్వు డాక్టర్‌వా?" అన్నవాడికి ఆ క్షణంలో పరువు దక్కుతుంది. తర్వాత ఎప్పుడో అర్ధరాత్రి ఇన్సులిన్ 10 పక్కన "యూ" అక్షరం సున్నాలా రాసి పడుకుంటాడు. అది 100లా కనిపిస్తుంది. అడగాల్సిన మనిషి అడగదు. యూనిట్లు అని పూర్తిగా రాయమని అందుకే మొత్తుకుంటాం. అయినా ఆఖరి కాపలా కాగితం కాదు, దాన్ని చదివి ఫోన్ చేసే నర్సు. నర్సు అనుమానం తప్పని తేలిన రోజు కూడా "ఫోన్ చేసి మంచి పని చేశారు" అనాలి. అలా అంటేనే రేపు నిజమైన దానికి ఫోన్ వస్తుంది.

నిర్వాహకుడు · మే 8, ఉదయం 7:00

నిన్న రాత్రి రెండు పోస్టులు తీసేశాను. ఒకదాంట్లో ఆసుపత్రి పేరు, ఇంకోదాంట్లో ఒక డాక్టర్ గారి పేరు ఉన్నాయి. ఫిర్యాదు ఉంటే మీ ఆసుపత్రిలో రాతపూర్వకంగా ఇవ్వండి. లైంగిక వేధింపుల సంగతైతే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి, అక్కడికి వెళ్లండి. ఇక్కడ పేర్లు రాస్తే మీకే ఇబ్బంది.

రిటైర్డ్_హెడ్‌నర్స్ · మే 8, ఉదయం 10:15

మంచి పని చేశావు నాయనా.

ఒకటి గుర్తొచ్చింది. కరోనా రోజుల్లో, 2020 మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్‌తో పూలు చల్లారు. మా ఇంటికి దగ్గరే కదా, డాబా ఎక్కి చూశాను. అంతకుముందు మార్చి 22న పళ్లాలు మోగించారు. సంతోషమే, కాదనను. కానీ లోపల పనిచేసిన మా జూనియర్ పిల్లలు చెప్పింది పూల గురించి కాదు. పీపీఈ కిట్ వేసుకుంటే ఎవరు డాక్టరో, ఎవరు నర్సో తెలిసేది కాదట. అందరూ గుండె మీద మార్కర్‌తో పేరు రాసుకునేవాళ్లట. "మేడమ్, మొదటిసారి ప్రొఫెసర్ గారు నన్ను పేరు పెట్టి పిలిచారు" అంది ఒక పిల్ల. ముందు ఏళ్ల తరబడి అదే వార్డులో పని చేసింది పాపం.

ఆ పిల్లల్లో చాలామంది ఔట్‌సోర్సింగ్ వాళ్లు. లెక్క గారు అన్న డబ్బు సంగతి అక్కడికే వస్తుంది మళ్లీ.

సగం_నిద్ర_పీజీ · మే 8, రాత్రి 8:55

అందరికీ థ్యాంక్స్. ఇవన్నీ మా యూనిట్ చీఫ్‌కి చూపించాను. ఆయన పెద్దగా ఏమీ అనలేదు గానీ ఈరోజు రౌండ్స్‌లో మొదటి మంచం దగ్గర పీజీల్ని దాటుకుని సిస్టర్‌ని అడిగారు. ఆవిడ అలవాటు లేక నా వైపు చూశారు. రెండో మంచం నుంచి ఆవిడే చెప్పారు. మూడో మంచం దగ్గర మాకెవరికీ తెలియని సంగతి చెప్పారు. పేషెంట్ మూడు రోజులుగా మాత్రలు దిండు కింద దాస్తున్నాడట. మేమేమో మందు పనిచేయట్లేదని డోసు పెంచుకుంటూ పోతున్నాం!

బ్రదర్ గారూ, మీ ఫోన్ పద్ధతి తెలుగులో ప్రింట్ తీసి నర్సింగ్ స్టేషన్‌లో అంటిద్దామనుకుంటున్నా. పర్లేదా?

బ్రదర్_సూర్యాపేట · మే 8, రాత్రి 9:20

నాదేముంది సార్, అందరిదీ. పెట్టుకోండ్రి. గానీ ఒకటి డాక్టర్స్ రూముల సుత పెట్టాలె. ఫోన్ ఎత్తెటోళ్లకు సుత ఏం అడగాల్నో తెలవాలె గదా.

రిటైర్డ్_హెడ్‌నర్స్ · మే 8, రాత్రి 9:41

ఆ గోడ మీద ఇప్పటికే పది లామినేషన్లు ఉంటాయి బాబూ, చేతులు కడుక్కునే బొమ్మతో సహా. ఎవరూ చదవరు. దానికంటే కొత్త ఇంటర్న్ల బ్యాచ్ వచ్చినప్పుడు ఒక్కొక్కరిని ఒక్కో రాత్రి సిస్టర్ పక్కన కూర్చోబెట్టండి. డాక్టర్ పని వద్దు. ఆవిడ వెంట తిరగడమే. ఎన్ని ఫోన్లు చేస్తుందో, ఎన్ని ఫోన్లు చెయ్యకుండా తనే సర్దుకుంటుందో చూస్తే చాలు.

ఓల్డ్‌సిటీ_సర్జన్ · మే 8, రాత్రి 10:03

ఇది చేయొచ్చు. నా యూనిట్‌కి వచ్చే ఇంటర్న్లను పంపిస్తాను. నర్సుల డ్యూటీ మారే హ్యాండోవర్ ఎనిమిదింటికి కదా, ఆ టైముకే రమ్మంటాను.

స్టాఫ్‌రూమ్_చాయ్ · మే 8, రాత్రి 10:11

ఎనిమిదింటికి వద్దు సార్, దండం పెడతాను. ఆ టైములో ఎమర్జెన్సీ ట్రాలీ మందులు లెక్కపెడుతుంటాం. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ అట్రోపిన్ నుంచి మొదలుపెట్టాలి. ఎనిమిదిన్నర దాటాక పంపండి. పెన్ను వాళ్లదే తెచ్చుకోమనండి. మా పెన్నులు తీసుకున్న డాక్టర్లు తిరిగి ఇచ్చిన దాఖలా లేదు.

బ్రదర్_సూర్యాపేట · మే 8, రాత్రి 10:14

కప్పు సుత. రెండింటికి ఫ్లాస్కుల చాయ్ ఉంటది, కప్పులు మాకే సరిపోతలేవు.